మువ్వల చప్పుడు యాడికి పాయ?

"ఫలానా పాటంటే చెవి కోసుకుంటాను" అంటూంటాం మనం. మాటవరసకే అంటాం. కానీ ఈ మధ్య మన కుర్రకారు నిజంగానే చెవులు కోసుకుంటున్నారు సుమండీ! కత్తి అక్కర్లేదు, రక్తం రాదు, నొప్పి కూడా తెలీదు. స్టేజీ పక్కన నిలువెత్తు స్పీకరు పెట్టెల ముందు ఓ మూడు గంటలు నిలబడితే చాలు.

ఎవరినో అనడం దేనికి? నేనే కోసుకున్నాను. ఆ కథే ఇది.

పెట్టె ముందు మూడు గంటలు

మా అనంతపురం సంగతి మీకు తెలియంది కాదు. దేశంలోనే అతి తక్కువ వాన పడే జిల్లాల్లో ఒకటి. ఏడాది మొత్తం కలిపి సుమారు 550 మిల్లీమీటర్లు పడితే అదే గొప్ప. వేరుశనగ విత్తి ఆకాశం వంక చూడ్డం మా వాళ్ళకు తరతరాల అలవాటు. వానకు కరువేమో గానీ, ఆటకూ పాటకూ ఇక్కడ ఎన్నడూ కరువు లేదు. 'పాతాళభైరవి', 'మాయాబజార్' తీసిన కె.వి.రెడ్డి గారు పుట్టింది మా తాడిపత్రిలో. నాటకరంగాన్ని ఏలిన బళ్ళారి రాఘవ పుట్టిందీ అక్కడే. అలాంటి గడ్డ మీద సినీ సంగీత విభావరి అంటే జనం ఇంట్లో కూర్చుంటారా?

పోయిన చలికాలం అలాంటిదే ఒకటి జరిగింది. ఊరంతా పోస్టర్లు. ధర్మవరం నుంచీ, కళ్యాణదుర్గం నుంచీ, గుత్తి నుంచీ బస్సులు నిండి వచ్చారు జనం. నేనూ నా స్నేహితులూ సాయంత్రం ఐదింటికే వెళ్ళి ఎడమవైపు స్పీకర్ల ముందు చోటు పట్టేశాం. మొదటి పాటకు డ్రమ్ము దెబ్బ పడగానే చొక్కా గుండీలు అదిరాయి. గుండె మీద ఎవరో చరిచినట్టయింది. ఆహా, కచేరీ అంటే ఇదీ అనుకున్నాను!

మొదటి పావుగంట చెవులు గింగురుమన్నాయి. తర్వాత అంత బిగ్గరగా అనిపించలేదు. "అలవాటైపోయింది" అనుకున్నాను. వెనకనుంచి "సౌండు పెంచన్నా!" అని కేకలు. మిక్సరు దగ్గరున్న అన్న పెంచాడు. మేం ఈలలు వేశాం.

అయిపోయాక బయట టీ బంకు దగ్గర నిలబడ్డాం. నా స్నేహితుడు ఏదో చెబుతున్నాడు. పెదాలు కదులుతున్నాయి, మాట మాత్రం బావి అడుగునుంచి వచ్చినట్టుంది. "ఆఁ?" అన్నాను. వాడూ "ఆఁ?" అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం.

నవ్వు ఇంటికెళ్ళేదాకే. పడుకుంటే ఎక్కడో గుయ్యిమంటోంది. ఫ్యాను ఆపాను. గుయ్యి... కిటికీ మూశాను. గుయ్యి... అప్పుడు గానీ అర్థం కాలేదు, ఆ మోత గదిలో లేదు, నా చెవిలో ఉందని! కటారుపల్లిలో సమాధి అయిన మా వేమన చెవిలో దూరిన జోరీగ బాధను పద్యానికెక్కించాడు. కానీ జోరీగ ఏదో ఒకప్పుడు ఎగిరిపోతుంది. ఇది పోవడం లేదు. ఒక రోజు, రెండు రోజులు, మూడో రోజు. నిద్ర లేదు, చదివింది బుర్రకెక్కదు. నాకు నిజంగా భయం వేసింది.

మామ అడిగిన ప్రశ్న

మూడో రోజు మా మామ ఇంటికి వెళ్ళాను. ఆయన ఒకప్పుడు పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాలో రిథమ్ ప్యాడ్స్ వాయించేవాడు. ఇరవై రెండేళ్ళు వాయించాడు. జిల్లాలో ఆయన వాయించని కల్యాణమండపం లేదంటే అతిశయోక్తి కాదు. ఇప్పుడు మానేసి చిన్న అంగడి పెట్టుకున్నాడు. మనిషి సరదా మనిషే గానీ, నలుగురిలో కూర్చుంటే ఎందుకో మౌనంగా ఉంటాడు. "మామకు వయసొచ్చింది, గర్వమొచ్చింది" అని బంధువులు అనుకుంటారు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి.

నేను వెళ్ళేసరికి 'సిరిసిరిమువ్వ' పాటలు పెట్టుకుని వింటున్నాడు. విశ్వనాథ్ గారు 1976లో తీసిన సినిమా, మహదేవన్ గారి సంగీతం. మామకు ప్రాణం. ఆ పాటల్లో ఏ తాళం తర్వాత ఏ దెబ్బ పడుతుందో నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు. చెయ్యి కుర్చీ మీద తాళం వేస్తోంది. ఉన్నట్టుండి ఆగి నా వంక చూశాడు.

"ఏమిరా అల్లుడూ, ఈ పాటలో మువ్వల చప్పుడు యాడికి పాయ? ఈ రికార్డులో తీసేసినారేమి?"

మువ్వలు ఎక్కడికీ పోలేదు. ఘల్లుఘల్లుమని నా ఎదురుగానే మోగుతున్నాయి.

"ఉండాది కదా మామా, ఇనపల్యా?" అన్నాను.

మామ మాట్లాడలేదు. పాట అయిపోయేదాకా అలాగే కూర్చున్నాడు. నా గుండె గుభేలుమంది. ఎందుకంటే ఆ క్షణంలో నాకు మామ కనిపించలేదు, ఇరవై ఏళ్ళ తర్వాతి నేను కనిపించాను.

మర్నాడే ఇద్దరం చెవి డాక్టరు దగ్గరికి వెళ్ళాం. మోత వినపడని గదిలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, సన్న శబ్దం నుంచి కీచు శబ్దం దాకా ఒక్కొక్కటే వినిపించి కాగితం మీద గీత గీశారు. నాది కొంచెం వంగి ఉంది. "అదృష్టం, తేరుకుంటుంది. ఇంకోసారి ఈ పని చెయ్యకు" అన్నారు. మామ గీత మాత్రం చదునైన రోడ్డు ఉన్నట్టుండి గుంతలోకి దిగినట్టు దిగిపోయింది. ఆ గుంత ఉన్నది 4,000 హెర్ట్జ్ దగ్గర. పెద్ద మోతల వల్ల చెవి ముందుగా దెబ్బతినేది సాధారణంగా అక్కడేనట. మువ్వలు, తాళాలు, పిల్లనగ్రోవి పై స్వరాల మెరుపు ఉండేది ఆ పైభాగంలోనే. మాటల్లో 'స', 'ష', 'ఫ' లాంటి అక్షరాలకు పదునిచ్చేదీ ఆ భాగమే.

అంటే మామకు గర్వం రాలేదండీ. పెళ్ళిపందిట్లో నలుగురూ ఒకేసారి మాట్లాడుతుంటే మాట విడివిడిగా అందడం లేదు. "ఏమన్నావు?" అని పదిసార్లు అడగలేక నోరు మూసుకుంటున్నాడు. అదీ అసలు సంగతి!

పడుకున్న చేను

డాక్టరు గారు చెప్పింది మీకూ చెబుతాను. మనం అనుకుంటాం, పెద్ద మోతకు కర్ణభేరి పగిలిపోతుందని. కచేరీల్లో పోయేది సాధారణంగా కర్ణభేరి కాదు. ఇంకా లోపల నత్తగుల్లలా చుట్టుకున్న ఒక భాగం ఉంటుంది. అందులో సన్నని కేశాలున్న కణాలు, ఒక్కో చెవిలో సుమారు 15,000. శబ్దం వచ్చినప్పుడు ఈ కేశాలు ఊగుతాయి, ఆ ఊపు మెదడుకు పాటగా అందుతుంది.

మా భాషలో చెప్పాలంటే అదొక కొర్రచేను. మెల్లగా గాలి వీస్తే చేను అలలలాగ ఊగుతుంది, చూడ్డానికి ఎంతో హాయి. పెనుగాలి కొడితే పడుకుంటుంది. మర్నాటికి చాలావరకు లేచి నిలబడుతుంది. కచేరీ మర్నాడు మనకు చెవులు "తెరుచుకోవడం" అదే. కానీ పదేపదే పడగొడితే ఏ చేనైనా ఎన్నిసార్లు లేస్తుంది? ఒకసారి చచ్చిన ఆ కణాలు మనిషికి మళ్ళీ మొలవవు. విచిత్రమేమిటంటే కోడికి మొలుస్తాయి! మనకు లేని అదృష్టం కోడికి ఉంది.

ఇంకో మాట. నేను "అలవాటైపోయింది" అనుకున్నానే, అది అలవాటు కాదట, అలసట. చెవి మొద్దుబారి తక్కువగా వినడం మొదలుపెట్టింది. మిక్సరు దగ్గర కూర్చున్నవాడి చెవీ అలాగే మొద్దుబారుతుంది. అతనికి తక్కువగా వినిపిస్తుంది, పెంచుతాడు. స్టేజీ మీదా ఇదే కథ అంటాడు మామ. "తబలా ఆయప్పకు తబలా ఇనపడదు, పెంచమంటాడు. అప్పుడు నాకు నా ప్యాడు ఇనపడదు, నేనూ పెంచమంటా. తొమ్మిది గంటలప్పుడు మొదలైన సౌండు పదికల్లా రెండింతలైతాండె."

లెక్క ఇదీ

శబ్దాన్ని డెసిబెల్స్‌లో కొలుస్తారు. ఈ కొలత మామూలు కొలత కాదు, గడుసుది. 3 డెసిబెల్స్ పెరిగితే శబ్దశక్తి రెట్టింపయినట్టే. అందుకే అమెరికాలో కార్మికుల ఆరోగ్యం చూసే నియాష్ అనే సంస్థ ఒక లెక్క కట్టింది. రోజుకు 85 డెసిబెల్స్ అయితే 8 గంటల దాకా ఫరవాలేదు. 88 అయితే 4 గంటలే. 91 అయితే 2 గంటలు, 94 అయితే గంట, 97 అయితే అరగంట. 100 అయితే? 15 నిమిషాలు! పెద్ద స్పీకర్ల ముందు 100 దాటడం వింతేమీ కాదు. అంటే మూడు గంటల కచేరీలో నా రోజువారీ వాటా మూడో పాట కల్లా అయిపోయిందన్నమాట. తక్కినదంతా అప్పు.

మీటరు లేదే, ఎలా తెలుస్తుంది అంటారా? సులువే. చేయి చాచినంత దూరంలో ఉన్న మనిషితో మీరు అరిచి మాట్లాడాల్సి వస్తోందంటే, అక్కడ శబ్దం 85 దాటిందని అనుకోవచ్చు.

మహామహులకే తప్పలేదు

ఇదంతా మాబోటి వాళ్ళ చాదస్తం అనుకుంటున్నారా? అయితే వినండి. హిందీ గాయని అల్కా యాగ్నిక్ పాటలు వినని చెవి ఉందా? 2024 జూన్‌లో ఆమె తన వినికిడి దెబ్బతిన్నదని స్వయంగా ప్రకటించారు. ఆమెది వైరస్ వల్ల వచ్చిన అరుదైన జబ్బు, కచేరీల వల్ల కాదు. అయినా ఆ ప్రకటనలోనే అభిమానులనూ, తోటి కళాకారులనూ మరీ బిగ్గరైన సంగీతంతోనూ, హెడ్‌ఫోన్లతోనూ జాగ్రత్తగా ఉండమని కోరారు. పోగొట్టుకున్నవాళ్ళకే విలువ తెలుస్తుంది మరి.

ఇంగ్లండులో 'ది హూ' అని ఒక బృందం ఉంది. 1976లో లండన్‌లో వాళ్ళు చేసిన కచేరీని అత్యంత బిగ్గరైనదిగా గిన్నిస్ పుస్తకం రికార్డు చేసింది. తర్వాత చెవులు పాడుచేసుకునే పోటీ పెట్టినట్టవుతుందని గిన్నిస్ వాళ్ళే ఆ విభాగం ఎత్తేశారు. ఆ బృందంలోని గిటారిస్టు పీట్ టౌన్‌షెండ్ తన వినికిడి పోయిందనీ, చెవుల్లో మోత ఉందనీ ఎన్నోసార్లు చెప్పుకున్నాడు.

'కోల్డ్‌ప్లే' గాయకుడు క్రిస్ మార్టిన్‌కూ అదే చెవి మోత. కుర్రతనంలో బిగ్గరగా వినడం వల్లే వచ్చిందని చెప్పి, ఇప్పుడు చెవుల్లో రక్షణ లేకుండా స్టేజీ ఎక్కడు. 2025 జనవరిలో వాళ్ళు అహ్మదాబాదు వచ్చినప్పుడు, చెవి రక్షణ లేకుండా పిల్లల్ని కచేరీకి రానివ్వవద్దని అక్కడి బాలల సంరక్షణ విభాగం నోటీసు ఇచ్చింది. మన పిల్లల్ని మాత్రం మనం భుజాలకెత్తుకుని స్పీకరు ఎత్తుకు లేపుతున్నాం!

ఉరుము వేరు, పెట్టె వేరు

"మన జాతరల్లో డప్పులు లేవా, ఉరుములు లేవా? తాతల చెవులు పోయాయా?" అని నా స్నేహితుడు నిలదీశాడు. మంచి ప్రశ్న. ఉరుము అంటే మా అనంతపురం ప్రాంతపు వాద్యం. పేరుకు తగ్గట్టే నల్లమబ్బు గర్జించినట్టు ఉంటుంది దాని మోత. వాన రాని చోట ఉరుము మోగించే కళాకారులుండడం చిత్రమే! నటులు మిక్కిలినేని గారు జానపద కళారూపాల మీద రాసిన పెద్ద పుస్తకంలో వీళ్ళకూ చోటిచ్చారు.

ఈ ప్రశ్న మామనే అడిగాను. ఆయన జవాబు ఏ డాక్టరూ చెప్పలేనిది. "ఉరుము వాయించేది మనిషిరా. చెయ్యి నొప్పి పుడతాది, ఆగుతాడు. నీళ్ళు తాగుతాడు. అడుగులేసుకుంటా ముందుకు పోతాడు, చప్పుడూ ఆయప్పతోనే పోతాది. పెట్టెకు నొప్పి తెలీదు. అది కదలదు, నువ్వూ కదలవు." వాయించేవాళ్ళ చెవులకు డప్పుతోనూ ముప్పు ఉంది, కాదనను. చూసేవాడికి మాత్రం ఆ ఆగడంలోనూ, ఆ కదలడంలోనూ రక్షణ ఉండేది. పెట్టె వచ్చాక అది పోయింది.

చట్టం లేదా అంటే ఉంది. 2000 నాటి శబ్దకాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. పండుగలకూ ఉత్సవాలకూ ఏడాదిలో 15 రోజులు మించకుండా ప్రభుత్వం అర్ధరాత్రి దాకా సడలించవచ్చు. 2024 అక్టోబరులో హైదరాబాదు పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించారు. బాగానే ఉంది. కానీ నిబంధనల్లోని లౌడ్‌స్పీకరు పరిమితిని కొలిచేది మైదానం సరిహద్దు దగ్గర. అంటే అది పక్కింటి వాళ్ళ నిద్రను కాపాడుతుంది. పెట్టె ముందు నిలబడ్డ మన చెవిని ఎవరు కాపాడాలి?

ఆ పనికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మార్చిలో ఒక ప్రమాణం ప్రకటించింది. కచేరీలో శబ్దం సగటున 100 డెసిబెల్స్ దాటకూడదు, జరుగుతున్నంతసేపూ కొలుస్తూ ఉండాలి, చెవి బిరడాలు అందుబాటులో ఉంచాలి, చెవులకు విశ్రాంతినిచ్చే నిశ్శబ్ద స్థలం ఒకటి ఉండాలి, సిబ్బందికి శిక్షణ ఇవ్వాలి. ఇది సలహాయే, శాసనం కాదు. మన నిర్వాహకులు మంచినీళ్ళ డ్రమ్ములు పెట్టినట్టే ఇవీ పెట్టే రోజు రావాలి. అది వచ్చేదాకా మన చెవి మన పూచీయే.

మరేం చెయ్యాలి?

కచేరీలు మానేయాలా? మానొద్దండీ! పాట మానేసి బతకమని నేను చెబితే మీరు ఈ పేజీ చింపేస్తారు. ఈ నాలుగు పనులు చెయ్యండి చాలు.

ఒకటి, దూరం. ఆరుబయట ఒక స్పీకరు నుంచి మీరున్న దూరాన్ని రెట్టింపు చేస్తే శబ్దం ఇంచుమించు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. లెక్క ప్రకారం మీ సమయం నాలుగు రెట్లు పెరుగుతుంది. పైసా ఖర్చు లేని మందు! నిజానికి పాట అందంగా వినిపించేది పెట్టె ముందు కాదు, మిక్సరు బల్ల దగ్గర. పాటను సరిచేసేవాడు వినేది అక్కణ్ణుంచే కదా.

రెండు, చెవి బిరడాలు. మందుల షాపులో మెత్తటి నురగ బిరడాలు దొరుకుతాయి. దాన్ని వేళ్ళ మధ్య సన్నగా వత్తిలా నలపాలి. రెండో చేతిని తల మీదుగా తెచ్చి చెవిని పైకి, వెనక్కి లాగి, లోపలికి పెట్టి, అది ఉబ్బేదాకా అర నిమిషం వేలితో పట్టుకోవాలి. చెవి అంచున ఊరికే ఇరికిస్తే పని చెయ్యదు. దూది పెట్టుకుంటే సరిపోదా అంటారేమో, దూది దాదాపు దండగ. పాట రంగు మారకుండా అన్ని స్వరాలనూ సమానంగా తగ్గించేవి, సంగీతకారులు వాడేవి వేరే ఉంటాయి. ఆర్కెస్ట్రాల్లో వాయించే తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ వాటి మీద ఖర్చు పెట్టండి. అది మీ వాయిద్యంలో భాగమే అనుకోండి.

మూడు, విరామం. గంటకోసారైనా బయటికి రండి. పావుగంట టీ తాగండి. చెవి కూడా ఊపిరి తీసుకుంటుంది.

నాలుగు, పిల్లలు. వాళ్ళను ముందుకు తీసుకుపోకండి. తీసుకుపోక తప్పకపోతే చెవులు పూర్తిగా కప్పే మఫ్‌లు పెట్టండి.

ఇక మోత మొదలైతే? ఒకటి రెండు రోజులు చెవికి నిశ్శబ్దం ఇవ్వండి. ఇయర్‌ఫోన్లు ముట్టుకోకండి. చెవిలో నూనె పోయడం, పుల్ల పెట్టడం లాంటివి వద్దు. రెండు రోజులకూ తగ్గకపోతే డాక్టరుకు చూపించండి. ఉన్నట్టుండి ఒక చెవి వినపడకుండా పోతే మాత్రం ఒక్క రోజు కూడా ఆగకండి. అది అత్యవసరం. తొందరగా వెళితేనే మందు పనిచేసే అవకాశం ఎక్కువ.

రెండో కచేరీ

నా చెవి మోత నాలుగో రోజుకు సన్నగిల్లి, వారానికి పోయింది. బతికిపోయాను.

ఈ వేసవిలో ఇంకో విభావరి వచ్చింది. ఈసారి మామను బలవంతంగా వెంటబెట్టుకుపోయాను. ఇద్దరం మిక్సరు బల్ల పక్కన కూర్చున్నాం. బిరడాలు పెట్టుకుంటుంటే స్నేహితులు ఒకటే నవ్వు. "పాటకొచ్చి చెవులు మూసుకుంటావేమప్పా!" అని. నవ్వనీ. రెండు పాటలయ్యాక ఆశ్చర్యంగా ఉంది, కిందటిసారి ముద్దగా వినిపించిన మాటలు ఈసారి ఒక్కొక్కటే విడివిడిగా అందుతున్నాయి. వయొలిన్ వాయించే ఆయన ఉన్నాడన్న సంగతే పోయినసారి నాకు తెలీదు!

ఒక పాత పాట వచ్చింది. స్టేజీ మీద ఒక కుర్రాడు చేతితాళాలు వేస్తున్నాడు. మామ వాడినే చూస్తున్నాడు.

"లేపాక్షిలో నాట్యమండపం సూసినావు కదరా? రంభ ఆడతాంటాది, బ్రహ్మ మద్దెల వాయిస్తాంటాడు. ఎంత బాగుంటాది! అంతా కనపడతాది, ఏమీ ఇనపడదు. ఆ పిల్లోని తాళాలు నాకిప్పుడు అట్లనే ఉండాయి." అని నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు.

చెరువు ఎండితే ఏదో ఒక ఏడు వాన వస్తుందన్న ఆశ మా అనంతపురం వాళ్ళకు ఉంటుంది. ఆ ఆశ మీదే బతుకుతున్నాం. చెవి ఎండితే ఏ వానా రాదు. మామకు ఇప్పుడు వినికిడి యంత్రం అమర్చారు. మాటలు బాగా అందుతున్నాయి, పెళ్ళిళ్ళలో మళ్ళీ జోకులు వేస్తున్నాడు. సంతోషమే. మువ్వలు మాత్రం "ఉండాయి గానీ, అవి కావురా" అంటాడు.

ఈసారి కచేరీకి బయల్దేరేటప్పుడు జేబు తడుముకోండి. టికెట్టు ఉందా, ఫోను ఉందా, బిరడాలు ఉన్నాయా? ఉంటే పదండి, ఈలలు వేద్దాం. కనబడితే పలకరించండి. మిక్సరు బల్ల పక్కనే ఉంటాం, నేనూ మా మామానూ.